పిట్టల దారిలో ఊరి మనిషి తోడు

చలికాలం దగ్గర పడితే చాలు, ఈ శీర్షికకు పిట్టల ఉత్తరాలు మొదలవుతాయి. ఈసారి మరీ ఎక్కువ వచ్చాయి. చాలామందిది ఒకటే కోరిక, నలుగురైదుగురు స్నేహితులు కలిసి కారులో బయలుదేరి పక్షుల్ని చూసి రావాలి. ఎటు వెళ్లాలి, ఎవరిని వెంట తీసుకెళ్లాలి, ఏం కొనుక్కోవాలి అని అడిగారు. అందుకే మిగతా ప్రశ్నలన్నీ వచ్చే నెలకి ఉంచి, ఈ సంచికలో వీటికే జవాబులు రాస్తున్నాను.

ప్రశ్న: మేం ఐదుగురం, ఇంజినీరింగ్ నాటి స్నేహితులం. జనవరిలో ఐదు రోజులు కుదిరింది. ఉప్పలపాడు, నేలపట్టు, పులికాట్, కొల్లేరు, కోరింగ, అరకు, తేలినీలాపురం అన్నీ కలిపి ఒక రూట్ గీసుకున్నాం. డ్రైవింగ్ వచ్చినవాళ్లు ముగ్గురున్నారు కాబట్టి అలసట సమస్య లేదు. ప్లాన్ బాగుందా?
– హైదరాబాద్ నుంచి ఒక పాఠకుడు

జవాబు: బాగాలేదండీ. అన్ని ఊళ్లూ తిరిగి క్షేమంగానే ఇంటికి వస్తారు, కానీ పిట్టల్ని చూసి మాత్రం రారు. పక్షులు చురుగ్గా తిరిగేది తెల్లారాక మొదటి రెండు మూడు గంటలు, మళ్లీ ఎండ వాలాక చీకటి పడేదాకా. మీ రూట్‌లో ఆ గంటలన్నీ హైవే మీదే అయిపోతున్నాయి. మిట్టమధ్యాహ్నం సరస్సు దగ్గర దిగుతున్నారు, ఆ వేళకి నీళ్ల మీద మిలమిల తప్ప ఏదీ సరిగ్గా కనపడదు. ఐదు రోజులకి ఏడు చోట్లు వద్దు, మూడు చాలు.

నన్నడిగితే దక్షిణం వైపు వెళ్లమంటాను. మొదటి రోజు మధ్యాహ్నానికి గుంటూరు చేరుకుని, సాయంత్రం నాలుగింటికల్లా ఉప్పలపాడు చెరువు గట్టు మీద ఉండండి. అది పెద్ద అభయారణ్యం ఏమీ కాదు. ఊరి చెరువు, మధ్యలో తుమ్మచెట్లు, అంతే. కానీ గూడబాతులు (పెలికాన్లు), ఎర్రకాళ్ల కొంగలు, నత్తగుల్ల కొంగలు, తెల్లకంకణాలు పక్కపక్కనే, అదీ చాలా దగ్గరగా కనిపిస్తాయి. కొత్తవాళ్లు నేర్చుకోవడానికి ఇంతకంటే మంచి చోటు నాకు తెలియదు. పొద్దుగూకే వేళ మేతకి వెళ్లినవన్నీ గుంపులుగా తిరిగొస్తాయి కదా, అప్పుడు కెమెరా కాసేపు దించి ఎగిరే తీరు చూడండి. ఎర్రకాళ్ల కొంగలు, నత్తగుల్ల కొంగలు మెడ ముందుకు చాచి ఎగురుతాయి, పొలాల్లో కనిపించే మామూలు తెల్లకొంగలు మెడ మడిచి వెనక్కి లాక్కుంటాయి, గూడబాతు తన బరువైన తలని భుజాల మీదికి వాల్చుకుని వస్తుంది. ఈ ఒక్కటి కంటికి అలవాటైతే మిగతా యాత్రంతా ఆకాశంలో దూరంగా వెళ్లేవాటిని కూడా పోల్చుకోగలుగుతారు.

రెండో రోజు ఒంగోలు, నెల్లూరు మీదుగా సూళ్లూరుపేట చేరండి. ఇక అక్కడి నుంచి కదలొద్దు, తిరుగు ప్రయాణం రోజు దాకా అక్కడే ఉండండి. ఎందుకంటే నేలపట్టు, పులికాట్ రెండూ మ్యాప్‌లో వేర్వేరు చుక్కలే అయినా పిట్టలకి మాత్రం ఒకే ఇంట్లో పడకగది, వంటిల్లు లాంటివి. నేలపట్టు చెరువులో నీళ్లలోనే నిలబడి పెరిగే నీటి కడప చెట్లున్నాయి. అక్టోబరు, నవంబరు వానలకి చెరువు నిండితే ఆ చెట్ల మొదళ్లు మునిగిపోయి కుక్కలు, నక్కలు, మనుషులు గూళ్ల దాకా రాలేరు. ఆ ధైర్యంతో గూడబాతులు అక్కడ పిల్లల్ని చేస్తాయి. కానీ అన్ని పిల్లలకి సరిపడా చేపలు ఆ చిన్న చెరువులో ఎక్కడ దొరుకుతాయి? అందుకని పెద్దవి రోజూ పులికాట్‌కి ఎగిరి వెళ్లి చేపలు మేసొస్తాయి, పిల్ల వాటి గొంతులోకి తల దూర్చి తింటుంది. పొద్దున నేలపట్టు టవర్ ఎక్కి గూళ్లు చూసి, సాయంత్రం పులికాట్‌లో వేట చూస్తే ఈ రెండూ మీకు ముడిపడతాయి. నేలపట్టు 1976 నుంచి అభయారణ్యం. మొత్తం కలిపినా సుమారు నాలుగున్నర చదరపు కిలోమీటర్లే, అంత చిన్న చోటు మీద ఎన్ని వేల కడుపులు ఆధారపడి ఉన్నాయో అక్కడ నిలబడి చూస్తేనే తెలుస్తుంది.

పులికాట్‌లో సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట వెళ్లే రోడ్డు సరస్సు మధ్యలోంచే పోతుంది. చలికాలంలో సూర్యుడు దక్షిణానికి వాలి ఉంటాడు కాబట్టి రోడ్డుకి ఉత్తరం వైపున్న పక్షుల మీద వెలుగు బాగా పడుతుంది, దక్షిణం వైపువి నల్లటి నీడల్లా కనిపిస్తాయి. ఫొటోల కోసం వెళ్లేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోండి. కారు పూర్తిగా పక్కకి తీసి ఆపండి, అది నిత్యం బస్సులు, లారీలు తిరిగే రోడ్డు. కారు ఆపి లోపలే కూర్చుంటే పిట్టలు మిమ్మల్ని పట్టించుకోవు, ఐదుగురూ తలుపులు ధడేల్మని వేసి దిగితే మాత్రం గుంపంతా లేచిపోతుంది.

ఇంకో మాట. 2001 నుంచి సూళ్లూరుపేటలో ఫ్లెమింగో ఫెస్టివల్ జరుపుతున్నారు, ఎక్కువగా జనవరిలోనే. పిల్లలతో వెళ్లేవాళ్లకి అది మంచి సందడి. తీరిగ్గా పక్షులు చూడాలనుకునే మీలాంటి వాళ్లు మాత్రం ఆ తేదీలు కనుక్కుని వాటికి ముందో వెనకో వెళ్లండి, ఆ రోజుల్లో లాడ్జి గది దొరకడమే కష్టం.

ప్రశ్న: మా దగ్గర పిట్టల్ని గుర్తుపట్టే మెర్లిన్ యాప్ ఉంది. ఈబర్డ్‌లో ఏ పిట్ట ఎక్కడ కనిపించిందో తేదీలతో సహా ఉంటుంది. ఇంకా గైడ్ ఎందుకు, దండగ ఖర్చు అని మా గ్రూపులో ఇద్దరి వాదన. మీరేమంటారు?
– విజయవాడ నుంచి ఒక పాఠకురాలు

జవాబు: ఆ రెండు యాప్‌లూ నేనూ వాడతాను, మంచివే. కానీ యాప్ చెప్పేది మీ ముందున్న పిట్ట పేరు. ఈ పూట అది ఎక్కడ ఉంటుందో చెప్పదు. ఈబర్డ్‌లో మీకు కనిపించేది మొన్న శనివారం ఎవరో చూసిన చోటు. ఈలోగా చెరువు వేలం పాడుకున్నవాళ్లు నీళ్లు వదిలి చేపలు పట్టేసి ఉండొచ్చు, పక్క పొలంలో కోత మిషన్ దిగి ఉండొచ్చు. ఆ సంగతులన్నీ తెలిసేది ఆ ఊళ్లో పొద్దున్నే లేచి తిరిగే మనిషికే.

మన కలివి కోడి (జెర్డాన్స్ కోర్సర్ అనే అరుదైన పిట్ట) కథ మీ స్నేహితులకి చెప్పండి. 1848లో జెర్డాన్ అనే బ్రిటిష్ వైద్యుడు దాన్ని శాస్త్రలోకానికి పరిచయం చేశాడు. 1900 తర్వాత పక్షి శాస్త్రవేత్తలెవరికీ కనపడలేదు, అంతరించిపోయిందనే రాసుకున్నారు. 1980ల్లో బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ తరఫున భరత్ భూషణ్ కడప జిల్లాలో తిరుగుతూ బొమ్మ చూపించి పల్లెజనాన్ని అడిగారు. సిద్ధవటం ప్రాంతంలో పిట్టలు పట్టే ఐతన్నకి అది బాగా తెలిసిన పిట్టే. 1986 జనవరిలో రాత్రి పూట దీపం వెలుగులో దాన్ని పట్టింది ఆయనే. ఆ పిట్ట బతకలేదు, అది బాధే. కానీ ఆ తర్వాతే లంకమల అడవికి అభయారణ్యం హోదా వచ్చింది, తెలుగుగంగ కాలువ దారి కూడా ఆ పిట్ట కోసమే మార్చారు. ఎనభై ఏళ్లకి పైగా లేదనుకున్న పిట్ట ఒక పల్లె మనిషికి ఎరుకలోనే ఉందంటే, మనం కారేసుకుని రెండు రోజులకి వెళ్లి ఆ మనిషి అక్కర్లేదనడం ఎంతవరకు న్యాయం?

కాకినాడ దగ్గర కుంభాభిషేకం రేవు వైపు బురద మేటల మీద చలికాలంలో దూరదేశాల నుంచి వచ్చే ఉల్లంకి పిట్టలు, గల్స్, టర్న్‌లు అనే నీటి పిట్టలు దిగుతాయి, అదృష్టం బాగుంటే ఇండియన్ స్కిమ్మర్లనే అరుదైనవి కూడా. అక్కడ ఆట అంతా పోటు, పాటులదే. పాటు సమయంలో బురద కిలోమీటర్ల మేర బయటపడి పిట్టలన్నీ చుక్కల్లా దూరంగా చెదిరిపోతాయి, పోటు ఎక్కే కొద్దీ నీళ్లు వాటిని మీ వైపు నెట్టుకొస్తాయి. ఎప్పుడు వెళ్లి ఎక్కడ కూర్చోవాలో పడవ నడిపే ఆయన ముందు రోజే చెప్పేస్తాడు. కొల్లేరులో దోనెల మీద తిరిగే వడ్డీ కుటుంబాల వాళ్లకి ఏ కిక్కిస గుబురు వెనక నామాలకోళ్లు, పరజలు దిగాయో తెలుసు. మారేడుమిల్లిలో వన సంరక్షణ సమితి కుర్రాళ్లని అడిగితే ఏ జువ్వి చెట్టు పండిందో చెబుతారు, పండిన చెట్టు దగ్గర ఓపిగ్గా నిలబడితే పెద్ద ముక్కున్న హార్న్‌బిల్ పక్షి తనే వస్తుంది. ఇవేవీ ఫోన్‌లో దొరకవు.

ఎలా వెతకాలి అంటే, నెట్‌లో గైడ్ అని కొట్టి మొదటి నంబరుకి డబ్బు పంపేయకండి. అక్కడి అటవీశాఖ రేంజ్ ఆఫీసులోనో, పక్షుల కేంద్రం దగ్గర టికెట్ ఇచ్చేవాళ్లనో, మీరు దిగే లాడ్జి వాళ్లనో అడగండి. ఇప్పటికే ఆ దారిలో వెళ్లొచ్చిన బర్డింగ్ గ్రూపుల వాళ్లు ఎవరు నమ్మకస్థులో చెబుతారు. హైదరాబాద్‌లో 1980లో మొదలైన బర్డ్ వాచర్స్ సొసైటీ ఆఫ్ ఆంధ్రప్రదేశ్ ఇప్పుడు డెక్కన్ బర్డర్స్ పేరుతో ఉంది, అలాంటి చోట సీనియర్లతో ఒకటి రెండు ఆదివారాలు తిరిగి వెళితే యాత్ర విలువ రెట్టింపవుతుంది. మనకి ఇంకో పెద్ద లాభం ఉంది, భాష. బయటి రాష్ట్రాల నుంచి వచ్చేవాళ్లు సైగలతో నెట్టుకొస్తారు. మీరు పక్కన కూర్చుని తీరిగ్గా మాట్లాడగలరు. పిట్ట పేరుతోనే ఆగకండి, నీళ్ల గురించి అడగండి, చేపల గురించి, ఆయన చిన్నప్పుడు ఆ సరస్సు ఎలా ఉండేదో అడగండి.

ప్రశ్న: గైడ్‌కి, పడవ ఆయనకి ఎంత ఇవ్వాలో తెలియక ప్రతిసారీ టెన్షన్. బేరం ఆడితే బాగోదు, ఆడకపోతే మోసపోయామేమో అనిపిస్తుంది.
– నల్లగొండ నుంచి ఒక పాఠకుడు

జవాబు: ముందే అడిగేయండి, ఫోన్‌లోనే. ఎన్ని గంటలు, ఎంతమంది, పడవ డీజిల్ అందులోనేనా, విడిగానా, కెమెరా టికెట్ ఎవరు కడతారు, ఇవన్నీ తేల్చుకుంటే అక్కడ మొహమాటం ఉండదు. చెప్పిన మొత్తం మీ ఐదుగురికీ పంచితే ఎంత పడుతుందో చూసుకోండి, దారిలో ఒక్కపూట హోటల్ బిల్లుతో పోల్చండి. పడవ మీద బతికే మనిషి ఆ రోజు చేపల వేట మానుకుని మీతో వస్తున్నాడు. మీరు ఇచ్చేది ఆ వేటకి తక్కువ కాకూడదు.

ఒక్క పద్ధతి మాత్రం పెట్టుకోవద్దు. 'ఫలానా పిట్ట చూపిస్తే ఇంకో వెయ్యి ఇస్తాం' అనే బేరం. ఆ మాట అన్న క్షణం నుంచి ఆయన మీ కోసం పిట్టని తరమడం మొదలుపెడతాడు, గుంపు మధ్యలోకి పడవ పోనిస్తాడు, గూడు దగ్గరికి తీసుకెళ్తాడు. తప్పు ఆయనది కాదు, ఆశ పెట్టింది మనం. రోజుకి ఇంత అని మాట్లాడుకోండి, పిట్ట కనిపించినా కనిపించకపోయినా అంతే. ఎక్కువ ఇవ్వాలనిపిస్తే చివర్లో ఇష్టంగా ఇవ్వండి. పొద్దున మీరు టిఫిన్ తినేటప్పుడు ఆయన్ని బయట నిలబెట్టకుండా మీతో కూర్చోబెట్టుకోండి, ఇది చెప్పాల్సి రావడం నాకు కష్టంగానే ఉంది, కానీ చాలాసార్లు చూశాను. నగదు దగ్గర ఉంచుకోండి, సరస్సు గట్టున సిగ్నల్ లేక ఫోన్‌పే తిరుగుతూనే ఉంటుంది. ఆయన ఐదున్నరకి రమ్మంటే ఐదున్నరకే అక్కడ ఉండాలి.

ప్రశ్న: బైనాక్యులర్స్ ఏవి కొనాలి? ఆన్‌లైన్‌లో యాభై రెట్లు పెద్దగా చూపించేవి తక్కువ ధరకే ఉన్నాయి.
– తిరుపతి నుంచి ఒక విద్యార్థి

జవాబు: అవి వద్దు బాబూ. రెట్లు పెరిగే కొద్దీ చేతి వణుకు కూడా అన్ని రెట్లు పెరుగుతుంది, వెలుగు తగ్గుతుంది, పిట్టని అందులోకి దొరకబుచ్చుకునే లోపు అది ఎగిరిపోతుంది. ఎనిమిది ఇంటూ నలభై రెండు అనే సైజు తీసుకో. మొదటి అంకె ఎన్ని రెట్లో చెబుతుంది, రెండోది ముందు అద్దం వెడల్పు మిల్లీమీటర్లలో. ఒకవేళ ఇప్పుడు కొనలేకపోతే గ్రూపులో రెండు జతలున్నా సరిపోతుంది, వంతులేసుకుని చూడొచ్చు. పులికాట్ లాంటి విశాలమైన చోట స్టాండు మీద నిలబెట్టే స్పాటింగ్ స్కోప్ ఉంటే చాలా తేడా ఉంటుంది, గ్రూపులో ఎవరైనా అరువు తేగలిగితే తెమ్మను. సొంతంగా కొనే తొందర లేదు.

ప్రశ్న: మా స్నేహితుల్లో ఒకతను బ్లూటూత్ స్పీకర్ తెచ్చి పిట్టల కూతలు పెడతాడు. అనంతగిరి ఘాట్‌లో ట్రోగన్ అనే అడవి పిట్ట కూత అలాగే పెట్టి పెట్టి దాన్ని రప్పించాడు, ఫొటో అద్భుతంగా వచ్చింది, మేమందరం సంతోషించాం కూడా. తర్వాత అక్కడి గైడ్ ముభావంగా ఉండిపోయాడు. అది నిజంగా అంత తప్పా?
– విశాఖపట్నం నుంచి ఒక పాఠకురాలు

జవాబు: తప్పేనమ్మా. మగ పిట్టకి ఆ కూత వినిపిస్తే తన చోటుకి ఇంకో మగది వచ్చిందని అర్థం. తిండి మానేసి, గూడుంటే గూడు వదిలేసి, లేని శత్రువు కోసం కొమ్మ కొమ్మకీ తిరుగుతుంది. మీరు ఒక్కసారి పెట్టారు, నిజమే. కానీ సెలవుల్లో అదే మలుపు దగ్గర రోజూ మూడు కార్లు ఆగి మూడు స్పీకర్లు మోగితే ఆ పిట్ట ఆ చోటు వదిలేసి పోవడమో, పిల్లలు దక్కకపోవడమో జరుగుతుంది. మీరు ఆదివారం రాత్రికి విశాఖ వచ్చేశారు, ఆ గైడ్ మాత్రం సోమవారం కూడా అదే అడవిలో ఉన్నాడు. ఆయన మౌనానికి కారణం అదే అనుకుంటున్నాను. డబ్బిచ్చే అతిథులని వద్దు అనలేక ఊరుకుని ఉంటాడు.

బయలుదేరే ముందే కారులో కూర్చుని ఈ సంగతి తేల్చుకోండి, అడవిలోకి వెళ్లాక గొడవపడితే యాత్ర పాడవుతుంది. స్పీకర్ ఇంట్లోనే వదిలేయాలి. గూళ్ల దగ్గర ఫ్లాష్ వద్దు, డ్రోన్ అసలే వద్దు. ఆకులు అడ్డొస్తున్నాయని కొమ్మ వంచి గూడు ఫొటో తీసేవాళ్లున్నారు, ఆ ఆకులే ఆ పిల్లలకి ఎండ నుంచి, కాకుల నుంచి కాపు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం గూళ్లని, గుడ్లని కదిలించడాన్ని కూడా వేట కిందే లెక్కేస్తుంది, మీ స్నేహితుడికి ఆ ముక్క చెప్పండి. గూడు కనిపిస్తే లొకేషన్ వాట్సాప్ గ్రూపుల్లో పెట్టడం కూడా ఆపేయండి. ఇంకో మాట, మీరే గైడ్‌తో 'అన్నా, ఇక్కడ ఏది చేయకూడదో నువ్వు చెప్పు, మేం వింటాం' అని మొదట్లోనే అనండి. ఆ ఒక్క మాటతో ఆయనకి నోరు విప్పే ధైర్యం వస్తుంది.

ప్రశ్న: మా అమ్మకి మోకాళ్ల నొప్పులు, బాబుకి ఆరేళ్లు. నా స్నేహితురాలి కుటుంబంతో కలిసి వెళ్లాలనుంది. ఎక్కువ నడవకుండా, బాత్రూమ్‌ల ఇబ్బంది లేకుండా ఎక్కడికైనా వెళ్లగలమా?
– రాజమహేంద్రవరం నుంచి ఒక పాఠకురాలు

జవాబు: హాయిగా వెళ్లొచ్చు. మీకు దగ్గర్లోనే కొల్లేరు ఉంది, కైకలూరు పక్కన ఆటపాక పక్షుల కేంద్రానికి వెళ్లండి. కొల్లేరుకి 1999లో అభయారణ్యం హోదా, 2002లో ప్రపంచ ప్రాముఖ్యమున్న చిత్తడినేలగా రామ్‌సర్ గుర్తింపు వచ్చాయి. ఆటపాకలో గూడబాతులు గూళ్లు పెట్టుకోవడానికి చెట్లు చాలక ఇనుప స్టాండ్లు కూడా నిలబెట్టారు. పడవలో కూర్చుంటే అమ్మగారికి నడక ఉండదు, బాబుకి అంత పెద్ద పిట్ట దగ్గరగా కనిపిస్తుంది. పడవ ఎక్కే దిగే చోట మెట్టు ఎత్తుగా ఉంటే చెయ్యి అందించమని పడవ వాళ్లకి ముందే చెప్పండి. గూళ్లకి మరీ దగ్గరగా పోనివ్వొద్దని కూడా చెప్పండి.

రెండో రోజు కుదిరితే కోరింగ. మడ అడవి మధ్యలో చెక్కబాట ఉంటుంది, ఎంత నడవగలిగితే అంత నడిచి తిరిగొచ్చేయొచ్చు, లకుముకి పిట్టలు ఆ మేరలోనే కనిపిస్తాయి. పోటు వేళ వెళితే వేళ్ల కింద నీళ్లు కనిపిస్తాయి, పాటు వేళ బురదలో ఎర్రపీతలు, మట్టగిడసల్లా గెంతే మడ్‌స్కిప్పర్లు. మీ అబ్బాయి పిట్టల్ని మర్చిపోయి వాటి దగ్గరే కూర్చుంటాడు, కూర్చోనివ్వండి.

బాత్రూమ్ విషయం దాచకుండా చెబుతాను. సరస్సుల దగ్గర నమ్మకం లేదు, ఉన్నా తాళం వేసి ఉండొచ్చు. హైవే మీద పెద్ద పెట్రోల్ బంకులో ఆగి ఆ తర్వాతే లోపలికి తిరగండి. ఆడవాళ్లు ఎక్కువగా ఉన్న గ్రూపులు ఊళ్లో ఒక ఇంటి వాళ్లతో పరిచయం పెంచుకోవడం నేను చూశాను. గైడ్ భార్యనో తల్లినో పలకరిస్తే వాళ్లింట్లోనే ఏర్పాటు చేస్తారు, మధ్యాహ్నం భోజనం కూడా వాళ్ల దగ్గరే మాట్లాడుకోవచ్చు. చేపల పులుసు హోటల్లో కంటే చాలా బాగుంటుంది, డబ్బు ఆ ఇంటికే చేరుతుంది. నీళ్లు తక్కువ తాగి మేనేజ్ చేద్దాం అనే పని మాత్రం చేయొద్దు, ముఖ్యంగా అమ్మగారు.

ప్రశ్న: గత డిసెంబరులో పులికాట్ వెళ్లాం. రాజహంసలు (ఫ్లెమింగోలు) వేలల్లో ఉంటాయన్నారు, మాకు దూరంగా ఒక తెల్లటి గీత కనిపించింది. గైడ్‌ని కూడా పెట్టుకున్నాం, అయినా లాభం లేదు. డబ్బు, సెలవు రెండూ పోయాయి.
– కరీంనగర్ నుంచి ఒక పాఠకుడు

జవాబు: మీ నిరాశ అర్థమవుతోంది. రాజహంస తినే పద్ధతి చూస్తే కారణం తెలుస్తుంది. అది కాళ్లతో బురదని తొక్కి కలుపుతూ, తల తిరగేసి ముక్కు నీళ్లలో పెట్టి, సన్నటి జీవుల్ని వడకట్టుకుని తింటుంది. ఆ తిండిలోని రంగే రెక్కల గులాబీ. అంటే దానికి లోతు తక్కువ నీళ్లు కావాలి. డిసెంబరులో వానలు గట్టిగా పడితే సరస్సు లోతెక్కుతుంది, అవి అంచులకో ఇంకో చోటుకో జరుగుతాయి. వానలు తక్కువైతే సరస్సు తొందరగా ఎండుతుంది. రాయదొరువు, కొండూరుపాలెం దగ్గర సముద్ర ముఖద్వారాలు ఇసుకతో పూడుకుపోవడం వల్ల సముద్రపు నీళ్ల రాకపోకలు తగ్గాయి, దాంతో ఈ ఎండిపోవడం ఇంకా ఎక్కువైంది. చేపల మీద బతికే ఊళ్లన్నీ ఏళ్లుగా మొత్తుకుంటున్న సంగతే ఇది. పక్షులు రాలేదని మనం ఒక సెలవు గురించి బాధపడుతున్నాం, అక్కడ వాళ్ల వేటే పోతోంది.

ఈసారి ఇలా చేయండి. బయలుదేరే ముందు రోజు గైడ్‌కి ఫోన్ చేసి 'ఈ వారం నీళ్లు ఎలా ఉన్నాయి, గుంపు ఎటు ఉంది' అని అడగండి. అటకానితిప్ప వైపా, తడ వైపా అన్నది ఆయన మాట మీదే నిర్ణయించుకోండి. రావొద్దంటే మానేయండి, అలా చెప్పిన గైడ్ నంబరు జాగ్రత్తగా దాచుకోండి. ఇంకా కుదిరితే డిసెంబరు బదులు జనవరి చివర, ఫిబ్రవరి పెట్టుకోండి, అప్పటికి నీళ్లు కాస్త తగ్గి పక్షులు మేతకి చేరతాయి. ఆ తెల్లటి గీత దగ్గరికి బురదలో నడిచి వెళ్లకుండా ఆగారు చూడండి, అది మంచి పని చేశారు.

ప్రశ్న: మా జిల్లా పిట్ట కలివి కోడిని చూపించే గైడ్ ఎవరైనా ఉన్నారా?
– ప్రొద్దుటూరు నుంచి ఒక పాఠకుడు

జవాబు: ఎవరైనా చూపిస్తానన్నా వెళ్లొద్దండీ. అది రాత్రి పూట తిరిగే పిట్ట, ముళ్లపొదల మధ్య ఖాళీ నేల దానికి కావాలి, మనం టార్చిలేసుకుని గుంపుగా తిరిగితే ఆ మిగిలిన కాస్త చోటూ పోతుంది. అనుమతి లేకుండా ఆ అడవిలోకి వెళ్లడం నేరం కూడా. మీ దగ్గరే గండికోట ఉంది కదా, పెన్నా లోయ అంచు రాళ్ల మధ్య పొదల్లో పసుపు గొంతు పికిలిపిట్ట తిరుగుతుంది. దక్షిణ భారతంలోని రాతి కొండల్లో తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా లేని పిట్ట అది. పొద్దున ఏడులోపు, టూరిస్టులు నిద్ర లేవకముందే వెళ్లండి. దాని చోటు కూడా ముళ్లపొదలే, ఆ పొదలు ఎందుకు నరకకూడదో మీ ఊళ్లో నలుగురికి చెప్పగలిగితే కలివి కోడికి మీరు చేసే సాయం అంతకంటే ఏముంటుంది?

ప్రశ్న: మేం డాలస్ దగ్గర ఉంటాం. ఇక్కడ టెక్సస్ తీరంలోని అరాన్సస్ వెళ్లి వూపింగ్ క్రేన్‌లనే అరుదైన పక్షుల్ని పిల్లలకి చూపించాం, వాళ్లకి ఈ పిచ్చి బాగా పట్టింది. ఇండియాకి జూలైలోనే రాగలం, స్కూలు సెలవులు అప్పుడే. అందరూ చలికాలం అంటున్నారు. జూలైలో చూడ్డానికి ఏముంటుంది?
– టెక్సస్ నుంచి ఒక పాఠకురాలు

జవాబు: చాలా ఉంటుందమ్మా. చలికాలంలో వలస వచ్చేవి ఉండవు, నేలపట్టు కూడా అప్పుడు ఖాళీ. కానీ వానాకాలం మన సొంత పిట్టల కాలం. శ్రీకాకుళం జిల్లా ఇచ్ఛాపురం దగ్గర తేలుకుంచి అనే ఊరుంది. వానలు మొదలవుతూనే నత్తగుల్ల కొంగలు ఊళ్లోకి వచ్చి ఇళ్ల మధ్య చెట్ల మీద గూళ్లు కడతాయి. అవి వచ్చాయంటే వానలు, పంటలు బాగుంటాయని ఊరి నమ్మకం, ఎవరూ రాయి కూడా వేయరు. పొలాల్లో నత్తల్ని ఆ సందున్న ముక్కుతో ఎలా పట్టి లాగుతాయో పిల్లలు గంటసేపు చూస్తారు. అక్కడ టికెట్ కౌంటర్ లాంటిది వెతక్కండి, ఊళ్లో పెద్దవాళ్లని పలకరించి ఒక కుర్రాణ్ణి తోడు పంపమంటే పంపుతారు. వాళ్ల చెట్లు, వాళ్ల పెరళ్లు కాబట్టి అడిగి లోపలికి వెళ్లండి.

మీ అమ్మగారి ఊరు ఏదైనా సరే, ఈతచెట్లకో, దిగుడుబావి మీదికి వంగిన కొమ్మలకో గిజిగాడి గూళ్లు వేలాడుతుంటాయి. మగది సగం అల్లి ఆగుతుంది, ఆడది వచ్చి చూసి నచ్చితేనే మిగతా సగం. నచ్చకపోతే ఆ గూడు అలాగే సగంలో వేలాడుతుంది, పిల్లల చేత అలాంటివి లెక్కపెట్టించండి. చాతక పక్షి కూడా వానల్లోనే బాగా కనిపిస్తుంది, నలుపు తెలుపు ఒళ్లు, నెత్తిన జుట్టు, పోల్చుకోవడం తేలిక.

విశాఖ నుంచి ఇచ్ఛాపురం హైవే మీద నాలుగు గంటల దారి. వాన పడుతూ పోతూ ఉంటుంది కాబట్టి రెండు రాత్రులు ఉండేలా పెట్టుకోండి, ఒక పొద్దు వానకి పోయినా ఇంకోటి మిగులుతుంది. కారు ఊరి బయట ఆపి నడిచి వెళ్లండి, చెట్ల కిందికి వెళ్లేటప్పుడు పిల్లలకి టోపీలు పెట్టండి. గూటిలోంచి పిల్ల కిందపడి కనిపిస్తే మీ పిల్లల్ని ముట్టుకోనివ్వకుండా ఊరివాళ్లని పిలవండి, ఏం చేయాలో వాళ్లకి తెలుసు.